అమెరికా సైనిక దళాల మీద నవ్వుల వీడియో తీయాలంటే

ఒకే మనిషి మూడు టోపీలు మార్చి, అర నిమిషంలో మూడు దళాలను చూపించేస్తాడు. ఎయిర్‌ఫోర్స్ టోపీ పెట్టుకుని హోటల్ గదిలో వైఫై నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేస్తాడు. ఆర్మీ టోపీలో బురదలో కూర్చుని బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. మెరైన్ (ఓడల మీంచి తీరంలో దిగి పోరాడే దళం) టోపీ రాగానే ఆకుపచ్చ క్రేయాన్, అంటే పిల్లలు రంగులు వేసే మైనపు కడ్డీ, కొరుకుతాడు. ఈ తరహా వీడియోలు మీ ఫోన్లోనూ కనిపించే ఉంటాయి. వాటిని చూసి, మనమూ ఒకటి తీద్దామని ఉత్సాహపడి, అవే మూడు జోకులను మళ్లీ తీసేవాళ్లు చాలామంది. వాటికి నవ్వు రాదు. ఎందుకు రాదో, రావాలంటే ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను అమెరికా నేవీలో, డెస్ట్రాయర్ అనే యుద్ధనౌక మీద డెక్ విభాగంలో పనిచేశాను. తాళ్లు లాగడం, తుప్పు గీకడం, రంగు వేయడం, రాత్రి కాపలా కాయడం మా పని. బయటికి వచ్చాక వేర్వేరు దళాల్లో పనిచేసిన మిత్రులతో కలిసి ఇలాంటి చిన్న వీడియోలకు స్క్రిప్టులు రాస్తున్నాను. ఈ పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఏ దళం మీద జోకైనా ఆ దళం చేసే పనిలోంచే పుడుతుంది. ఆ పని తెలుసుకోకుండా పైనున్న ముద్రను మాత్రం ఎత్తుకుంటే చివరికి తిట్టు మిగులుతుంది, నవ్వు మిగలదు.

ముద్ర వెనక పని

అమెరికాకు ఆరు సాయుధ దళాలున్నాయి. ఆర్మీ, నేవీ, మెరైన్ కోర్ మూడూ తమ పుట్టుకను 1775లోనే లెక్కపెట్టుకుంటాయి. కోస్ట్‌గార్డ్ తన మూలాలను 1790లో చూసుకుంటుంది. ఎయిర్‌ఫోర్స్ 1947లో ఆర్మీ నుంచి విడిపోయి సొంత దళమైంది. స్పేస్‌ఫోర్స్ 2019 డిసెంబరులో వచ్చింది. ఈ వయసుల తేడాలోనే సగం జోకులున్నాయి. పెద్దన్న గొప్పలు, చిన్నవాడి సౌకర్యాలు, నిన్నగాక మొన్న పుట్టినవాడిని అందరూ ఆటపట్టించడం. ఉమ్మడి కుటుంబం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

మెరైన్లతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ అక్కడే బోల్తాపడతారు. మెరైన్ అంటే బుర్ర తక్కువ, క్రేయాన్లు తింటాడు అన్నది ప్రసిద్ధమైన జోకు. దీన్ని ఇతర దళాల వాళ్లు వెక్కిరింపుగా విసిరారు. మెరైన్లు దాన్ని అందుకుని సొంతం చేసుకున్నారు. ఏ రంగు రుచిగా ఉంటుందని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. మాజీ మెరైన్ ఒకరు నిజంగా తినగలిగే క్రేయాన్లు తయారుచేసి అమ్మారు కూడా. కాబట్టి క్రేయాన్ కొరకడం దగ్గర ఆగిపోయే వీడియోలో కొత్తదనం ఏమీ లేదు. దాని వెనక ఉన్న సంగతి చూడండి. చిన్న దళం, తక్కువ డబ్బు, 13 వారాల కఠిన శిక్షణ, వంటవాడైనా గుమాస్తా అయినా ప్రతి మెరైనూ ముందు రైఫిల్ పట్టగలగాలన్న పట్టింపు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఆగస్టులో పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో దిగినప్పుడు మెరైన్ల చేతుల్లో ఉన్నవి 1903 నాటి నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు. అక్టోబరులో సాయంగా వచ్చిన ఆర్మీ రెజిమెంటు చేతుల్లో కొత్త గరాండ్ రైఫిళ్లున్నాయి. ఆర్మీ వాళ్ల సామాను ఏమరుపాటుగా వదిలితే మెరైన్లు మాయం చేస్తారన్న జోకు అలాంటి రోజుల నుంచి నడుస్తోంది. ఇది పట్టుకున్నవాడికి బోలెడు దృశ్యాలు దొరుకుతాయి: ఆర్మీ వాడు టార్చిలైటు బల్లమీద పెట్టి బూటు తాడు కట్టుకోవడానికి వంగుతాడు, లేచేసరికి టార్చి లేదు, బల్ల కూడా లేదు. అక్కడ మెరైన్ తెలివితక్కువవాడు కాడు, గడుసువాడు. వాళ్లను నవ్వించేది ఈ మెరైనే.

ఎయిర్‌ఫోర్స్ మీద ఒక పాత జోకుంది. కొత్త స్థావరం కట్టమని డబ్బిస్తే ముందు భోజనశాల, గోల్ఫ్ మైదానం కట్టేసి, తరవాత రన్‌వేకు డబ్బు చాలలేదని మళ్లీ అడుగుతారట. దీనికీ కారణం పనిలోనే ఉంది. విమానానికి స్థిరమైన స్థావరం కావాలి. స్థావరం స్థిరంగా ఉంటే దాని చుట్టూ మంచి గదులు, మంచి వంట వస్తాయి. ఆర్మీ, మెరైన్ దళాలు కదులుతూనే ఉండాలి కాబట్టి వాళ్లకు గుడారమే గతి. ప్రాథమిక శిక్షణ కూడా ఎయిర్‌ఫోర్స్‌లో ఏడున్నర వారాలే. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ విమానాలను బాగుచేసే మెకానిక్కులను ఎవరూ వీడియోల్లో చూపించరు. మండే కాంక్రీటు మీద పన్నెండు గంటలు నిలబడి, చేతులకు నూనె మరకలతో, తన దళం సుఖపడుతోందన్న మాట వింటున్న మనిషి వాడు. ఆర్మీ మిత్రుడు "మీకేం, కుర్చీ దళం" అంటాడు. మెకానిక్ చుట్టూ చూస్తాడు, కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఉండదు. ఎయిర్‌ఫోర్స్ గురించి తీస్తే ఇలాంటిది తీయమని నా సలహా. ఆ దళంలో ఉన్నవాళ్లే ముందుగా పంచుకుంటారు.

స్పేస్‌ఫోర్స్ గురించి ఎక్కువ చెప్పను. 2020 జనవరిలో వాళ్ల యూనిఫారం బొమ్మ విడుదలైనప్పుడు, అంతరిక్షంలో ఆకుపచ్చ చెట్ల రంగులెందుకని లోకమంతా నవ్వింది. ఉన్న యూనిఫారమే వాడితే ఖర్చు కలిసొస్తుందని, తమ మనుషులు పనిచేసేది నేలమీదేనని వాళ్లు జవాబిచ్చారు. ఆ జోకు అప్పుడే అరిగిపోయింది. ఉపగ్రహాలు చూసుకునే మనిషి రోజంతా తెరముందు కూర్చుని చేసే పని గురించి తెలిసినవాళ్లెవరైనా ఉంటే తప్ప దాని జోలికి పోకండి.

కోస్ట్‌గార్డ్ విషయంలో మాత్రం కాస్త ఆగాలి. "మీరు అసలు సైన్యమేనా?" అన్నది వాళ్ల మీద విసిరే మాట. ఆ దళం రక్షణ శాఖ కింద ఉండదు. 2003 నుంచి దేశం లోపలి భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంది. అందుకే 2019 జనవరిలో ప్రభుత్వ పనులు స్తంభించినప్పుడు మిగతా దళాలకు జీతాలు వచ్చాయి, వీళ్లకు ఆగిపోయాయి. జీతం లేకుండానే సముద్రం మీదికి వెళ్లారు. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు 33,000 మందికి పైగా ప్రాణాలు కాపాడింది ఈ దళమే. అన్నిటికన్నా నాకు ఇష్టమైన సంగతి డగ్లస్ మన్రోది. 1942 సెప్టెంబరు 27న గ్వాడల్‌కెనాల్‌లో చిక్కుకుపోయిన మెరైన్లను ఒడ్డునుంచి తప్పించడానికి చిన్న పడవలు తీసుకెళ్లాడు. శత్రువు కాల్పులకు తన పడవను అడ్డం పెట్టి అక్కడే చనిపోయాడు. అమెరికా అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన ఏకైక కోస్ట్‌గార్డ్ సైనికుడు ఆయనే.

దీనిమీద మేం తీసిన వీడియో నిడివి ఇరవై సెకన్లు. మెరైన్ బల్లకు ఆనుకుని కోస్ట్‌గార్డ్ కుర్రాడిని ఏడిపిస్తుంటాడు: చెరువులో పడవలు నడుపుతారా, ఈతకు చొక్కా వేసుకుంటారా అని. కుర్రాడు కాఫీ తాగుతూ తల పైకెత్తకుండా "మన్రో" అంటాడు. మెరైన్ నోరు మూతపడుతుంది. నిటారుగా నిలబడి, జేబులోంచి డబ్బు తీసి, కుర్రాడి కాఫీకి తానే ఇస్తాడు. వివరణ ఏమీ పెట్టలేదు. తెలిసినవాళ్లు నవ్వారు, తెలియనివాళ్లు ఆ పేరు వెతికి తెలుసుకున్నారు. వెక్కిరింపుకు గురైనవాడు చివర గెలవాలన్నది నేను ఏ స్క్రిప్టులోనూ వదలని నియమం.

దళాల మధ్య కంటే దళం లోపల

దళానికీ దళానికీ మధ్య వేళాకోళం త్వరగా అయిపోతుంది. లోపలి జీవితంలో ఉన్న హాస్యానికి అంతులేదు. కొత్తగా చేరినవాడిని లేని వస్తువు కోసం తిప్పడం వాటిలో తలమానికం. ఆర్మీలో అయితే పెట్టెడు గ్రిడ్ చదరాలు తెమ్మంటారు. అవి మ్యాపు మీద గీసిన గళ్లు. హమ్వీ బండి తాళంచెవి తెమ్మంటారు. ఆ బండి స్విచ్ తిప్పితే నడుస్తుంది, దానికి తాళంచెవే ఉండదు. నేవీలో బకెట్టు ఆవిరి పట్టుకురమ్మంటారు.

మా ఓడమీద నేను దగ్గరుండి చూసినది ఉత్తరాల బోయా (నీటిమీద తేలే పెద్ద బుంగ) కాపలా. కొత్త కుర్రాడికి, రేపు తెల్లవారుజామున ఉత్తరాలు వస్తాయని, విమానం వాటిని ఒక తేలే బోయాలో పెట్టి సముద్రంలో పడేస్తుందని, దాన్ని కొక్కెంతో అందుకోవాలని ఎంతో గంభీరంగా చెబుతారు. ఒక్కరు చెబితే నమ్మడు. అందుకని భోజనం దగ్గర ఇంకొకరు, "పోయినసారి అందుకోలేకపోయాం, నా భార్య ఉత్తరం సముద్రం పాలైంది" అని నిట్టూరుస్తారు. తెల్లారేసరికి వాడు ఓడ ముక్కు దగ్గర ఉంటాడు. లైఫ్‌జాకెట్, హెల్మెట్, చెవులకు ఫోన్లు, చేతిలో మనిషికంటే పొడవైన కొక్కెపు కర్ర. గాలికి కళ్లు చికిలించి దిగంతాన్ని వెతుకుతుంటాడు. పైన బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద ఆఫీసర్లు కూడా బైనాక్యులర్లు పెట్టుకుని వెతుకుతున్నట్టు నటిస్తారు. ఇందులో నాకు నచ్చేది ఆ నటన. మూడువందల మంది పనులు మానుకోకుండానే ఒక్కడి కోసం నాటకం ఆడతారు. అది ముగిసిన సాయంత్రం వాడు భోజనశాలలోకి వస్తే అందరూ పేరుపెట్టి పిలుస్తారు. ఆ రోజునుంచి వాడు ఓడవాడు.

దీన్ని తీసేటప్పుడు కెమెరా ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. పక్కనుంచి తీస్తే వాడిమీద నవ్వినట్టుంటుంది. వాడి భుజం వెనకనుంచి, వాడు చూస్తున్న ఖాళీ సముద్రాన్ని తీయండి. నాలుగైదు సెకన్లు ఏమీ జరగనివ్వకండి. తరవాత వాడు చేయెత్తి "అదిగో!" అని అరవాలి. ఆ అరుపులోని ఆశ చూసి ప్రేక్షకుడు ముందు జాలిపడి, వెంటనే నవ్వుతాడు. ఓడ దొరకకపోతే ఏ నీటి ఒడ్డయినా సరిపోతుంది. ఆకాశం, నీళ్లు, కర్ర కొస కనిపిస్తే చాలు.

శుక్రవారం సాయంత్రపు జాగ్రత్తల ప్రసంగం ఇలాంటిదే మరొకటి. వారాంతపు సెలవులకు వదిలేముందు సార్జెంట్ అందరినీ వరుసలో నిలబెట్టి, తాగి బండి నడపొద్దు, కొట్లాటలకు పోవద్దు అని చెబుతాడు. ఇవి మామూలే. జాబితా ముందుకు సాగేకొద్దీ విచిత్రంగా మారుతుంది: బారక్ (సైనికులు ఉండే వసతి) స్నానాలగదిలో మొసలిని పెట్టొద్దు, బట్టలుతికే యంత్రంలో నూడుల్స్ వండొద్దు. ప్రతి వింత నిషేధానికీ కెమెరా మెల్లగా వరుసలోని ఒక్కొక్కరి మీదికి తిరగాలి, అతను చూపు దించుకోవాలి. సైన్యంలో ప్రతి నియమం వెనక ఎవరో ఒకరు ఉంటారన్న నిజం మీద ఇది నిలబడింది. మొసలి సంగతి నేను కల్పించినది. మీరు మీ మిత్రులను అడిగితే కల్పించనక్కర్లేనివి చెబుతారు.

మొదటి జీతం చేతికొచ్చిన కుర్రాడు స్థావరం గేటు బయటున్న దుకాణంలో పెద్ద వడ్డీకి వేగమైన కారు కొనేయడం మీద కూడా లెక్కలేనన్ని వీడియోలున్నాయి. వాటిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పద్దెనిమిదేళ్లవాడికి పైవాళ్లు ఎంత చెప్పినా ఎక్కని సంగతి, తోటివాళ్లు నవ్వితే ఎక్కుతుంది. ఇందులో నవ్వు పుట్టేది వడ్డీ శాతం చెప్పే క్షణంలో. కుర్రాడు కారు రంగు, శబ్దం, వేగం అన్నీ చెబుతాడు, సార్జెంట్ "వడ్డీ ఎంత?" అని ఒకే ప్రశ్న మూడుసార్లు అడగాలి, ప్రతిసారీ గొంతు తగ్గించుకుంటూ.

వేషం, మాట

పూర్తి యూనిఫారం అవసరం లేదు. టోపీ, టీషర్టు, నిలబడే తీరు సరిపోతాయి. అయితే పెట్టినదాన్ని సరిగ్గా పెట్టండి. మెరైన్లు హోదా గుర్తును కాలరు మీద పెట్టుకుంటారు, ఆర్మీ వాళ్లు ఛాతీ మధ్యలో. నేవీ, మెరైన్ దళాల్లో తల మీద టోపీ లేనప్పుడు సెల్యూట్ కొట్టరు. నేవీలో సార్జెంట్ అనే హోదా లేదు. పెటీ ఆఫీసర్లు, వాళ్లపైన చీఫ్‌లు ఉంటారు. సోల్జర్ అన్న మాట ఆర్మీ వాళ్లది, మెరైన్‌ను అలా పిలిస్తే మీ వీడియో అక్కడితో సరి. ఉత్సాహపు కేకగా ఆర్మీ వాళ్లు "హూఆ" అంటారు, మెరైన్లు "ఊరా" అంటారు, నేవీలో "హూయా". ఇవి తారుమారైతే, జోకు ఎంత బాగున్నా చూసేవాడికి తప్పే కనిపిస్తుంది.

మాటలు తగ్గించండి. సైన్యంలో కింది హోదావాడు ఎక్కువగా మాట్లాడడు. అవునండీ, కాదండీ, చిత్తం అంతే. మనసులో ఏముందో కళ్లలోనే తెలియాలి. మ్యాపు తిప్పి తిప్పి చూస్తున్న కొత్త లెఫ్టినెంట్, అతని వెనక నిలబడి దారి తెలిసీ నోరు విప్పని సార్జెంట్: ఈ దృశ్యానికి ఒక్క సంభాషణా అక్కర్లేదు. ఆరంభంలో ఎవరు ఏ దళమో రెండు సెకన్లలో తెలియాలి. జోకు పేలిన వెంటనే ఆపేయాలి. పేలిన తరవాత పాట పెట్టి సాగదీసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

గీత ఎక్కడ

అధికారం లేకుండా సైనిక యూనిఫారం వేసుకోవడం అమెరికా చట్టప్రకారం నేరం. నాటకంలోనో సినిమాలోనో నటించేవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ నటన సైన్యానికి చెడ్డపేరు తేకూడదని ఒకప్పుడు షరతు ఉండేది. 1970లో సుప్రీంకోర్టు ష్యాక్ట్ కేసులో ఆ షరతును కొట్టేసింది. అంటే వెక్కిరించే హక్కుకు కూడా రక్షణ ఉంది. కానీ వీడియో బయట, సొంత పేరుతో, పనిచేయనివాడు పనిచేశానని చెప్పుకోవడం వేరే సంగతి. పొందని పతకాన్ని పొందానని డబ్బు కోసమో లాభం కోసమో చెప్పడాన్ని 2013 నాటి చట్టం నేరంగా చూస్తుంది. మీరు పనిచేయనివారైతే ఆ మాట ముందే చెప్పేయండి.

ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. యూనిఫారంలో నిలబడి ఏ సరుకుకూ ప్రచారం చేయకూడదు. వెనక గోడమీద ఏముందో రెండుసార్లు చూసుకోవాలి: తెల్లబోర్డు మీది షెడ్యూలు, కంప్యూటర్ తెర, మెడలోని గుర్తింపు కార్డు. 2018 జనవరిలో వ్యాయామం లెక్కపెట్టే స్ట్రావా యాప్ పటంలో సైనికులు పరుగెత్తిన దారులు మెరిసి, విదేశాల్లోని స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి. అక్కడ ఎవరూ రహస్యం చెప్పాలనుకోలేదు, పొద్దున్నే పరుగుకు వెళ్లారంతే.

చట్టం ఒప్పుకున్నా నేను రాయనివి కొన్నున్నాయి. సైనికుల భార్యలను లావుగా, సోమరులుగా, డబ్బుపిచ్చి ఉన్నవాళ్లుగా చూపించే వీడియోలకు జనం బాగా వస్తారు. నేను రాయను. నెలల తరబడి ఒంటరిగా పిల్లలను పెంచి, రెండేళ్లకొకసారి ఇల్లు మార్చిన ఆడవాళ్లను నేను చూశాను. దళంలో పనిచేసే స్త్రీలను తక్కువ చేసేవీ రాయను. ఆత్మహత్యల మీద జోకులు తోటి సైనికులు తమలో తాము వేసుకుంటారు, అది వాళ్లు బతకడానికి పట్టుకునే ఊతం. దాన్ని లక్షలమంది ముందు పెట్టడం వేరు. ఆ గీత దాటిన స్క్రిప్టు ఎంత నవ్వించేదైనా పక్కన పెట్టేయండి.

పూర్తయిన వీడియోను ఎక్కించేముందు, మీరు ఎవరిమీద తీశారో ఆ దళం మనిషికి పంపండి. మీ దళం వాడికి పంపితే లాభం లేదు, వాడు ఎలాగూ నవ్వుతాడు. నా మెరైన్ మిత్రుడు ఏదైనా చూసి నవ్వకుండా, "ఇది నిజానికి ఇలా జరగదు" అని మొదలుపెడితే నేను పెన్ను తీసుకుంటాను. అతను ఆ తరవాత చెప్పేది నేను రాసినదానికంటే ఎప్పుడూ బాగుంటుంది.

ఇక సమయం. నవంబరు 10 మెరైన్ కోర్ పుట్టినరోజు. ఆ వారం మెరైన్ల వీడియో ఏదైనా చూస్తారు. డిసెంబరులో, సాధారణంగా రెండో శనివారం, ఆఫీసర్లను తయారుచేసే ఆర్మీ, నేవీ అకాడమీల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉంటుంది. 1890లో మొదలైన పోటీ అది. రెండు అకాడమీల విద్యార్థులే ఒకరినొకరు ఆటపట్టిస్తూ చిన్న వీడియోలు తీసి వదులుతారు. ముందు అవి కొన్ని చూడండి, వాటిలో వేషాలు, మాటలు తప్పుపోవు. మీది నవంబరు చివరికల్లా తీసి, ఆ మనిషికి చూపించి, దిద్ది పెట్టుకోండి. ఆట వారంలో దిద్దడానికి తీరిక దొరకదు.